మిగిలిన ఒక్క మాట

కదలకూడదు. మింగితే మెల్లగా మింగాలి. దగ్గు వచ్చేలా ఉంటే ముందుగా చేతిలోని బుడ్డి నొక్కాలట, దగ్గు అంటే కబురు పెట్టి వచ్చే చుట్టమైనట్టు. అక్క వెల్లకిలా పడుకుని ఉంది. తల చుట్టూ ప్లాస్టిక్ పంజరం, రెండు చెంపలకూ ఆనించి స్పాంజి దిమ్మలు, చెవుల మీద హెడ్‌ఫోన్లు, ఎడమ చేతిలో నిమ్మకాయంత రబ్బరు బుడ్డి, కుడి బొటనవేలి కింద ఒకే ఒక్క బటన్. కళ్ళకు బెత్తెడు పైన చిన్న అద్దం, అద్దంలో ఒక తెల్లటి ప్లస్ గుర్తు. దాన్నే చూస్తూ ఉండాలి. నిద్రపోకూడదు, పనిగట్టుకుని దేన్నీ ఆలోచించకూడదు. "ఊరికే ఉండక్కా, అంతే" అంది చెల్లెలు, స్పాంజి దిమ్మ సర్దుతూ. ఊరికే ఉండటమట! తమ ఇంట్లో ఊరికే ఉండే యోగం ఎవరికి పట్టిందో దానికి తెలియదా? చెప్పాల్సింది చెప్పేసి చక్కా పోయింది, అద్దాల కిటికీకి అవతల, తమకు పాఠం చెప్పే మేడమ్ పక్క కుర్చీలోకి.

మెదడును బొమ్మ తీసే స్కానింగ్ యంత్రం మొదలైంది. ముందు ఎవరో తలుపు తట్టినట్టు, తర్వాత రేకుల కప్పు మీద పదిమంది సుత్తులు పట్టుకుని కూర్చున్నట్టు. ఏ పనీ చెప్పకపోయినా మెదడు ఖాళీగా కూర్చోదని, తన గురించీ తనవాళ్ళ గురించీ తలపోసుకోవడం మొదలుపెడుతుందని, అప్పుడు చురుగ్గా ఉండే భాగాలు వేరే ఉన్నాయని క్లాసులో చెప్పారు. మేడమ్ మాటల్లో చెప్పాలంటే, పని లేని మెదడు గుమ్మంలో కూర్చుని అయినవాళ్ళ మీద చాడీలు చెప్పుకుంటుంది. క్లాసంతా నవ్వింది. అక్క నవ్వలేదు, రాసుకుంది. ఇప్పుడు తన తలలో ఆ గుమ్మం ముందు ఎవరు కూర్చున్నారో, ఎవరి మీద చాడీలు నడుస్తున్నాయో అవతలి మానిటర్లో కనపడిపోతుందేమోనని ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. కనపడదులే. రక్తం ఎటు పరుగెత్తిందో కనపడుతుంది గాని, ఎవరి మీద మంటతో పరుగెత్తిందో కనపడదు. అయినా జనం మాటల్లో అసూయకు మెదడుతో పనేముంది, కడుపు మండుతుంది, కన్ను కుడుతుంది, ఒళ్ళు భగ్గుమంటుంది. ఈ పంజరం తలకు తగిలించి లాభం లేదు, కడుపుకు తగిలించాల్సింది. ప్లస్ గుర్తు. ప్లస్ గుర్తును చూడు.

అక్క అనేది ఆమె పేరు కాదు. పేరొకటి ఉంది, హాజరు పట్టీలో ఉంది. చెల్లెలు పుట్టిన రోజున అమ్మ ఆస్పత్రి మంచం మీద నుంచి "అక్కా, ఇలా రా, చెల్లిని చూడు" అన్నది మొదలు ఆ పేరుకు ఇంట్లో పని లేకుండా పోయింది. చెల్లెలికి పేరూ ఉంది, పైన పండు అని ముద్దుపేరూ ఉంది, ఆ ముద్దుపేరు పెట్టింది నాన్న. పోనీ యూనివర్సిటీలోనైనా తన పేరు తనకు దక్కుతుందనుకుంటే, మొదటి రోజే చెల్లెలు వెనక బెంచీలోంచి లేచి "అక్కా, ఇక్కడ చోటుంది!" అని కేక పెట్టింది. సాయంత్రానికల్లా క్లాసు క్లాసంతా అక్క అనడం మొదలుపెట్టింది. తనకంటే ఆరేడేళ్ళు చిన్న పిల్లలు, అక్కా నోట్సు ఇస్తావా, అక్కా నా సంచి చూస్తుంటావా, అక్కా ఈ న్యూరాన్ బొమ్మ గీసిపెట్టవా. మేడమ్ కూడా ఒకసారి నోరు జారింది. తప్పు వాళ్ళది కాదు. ఆరేడేళ్ళు ఆలస్యంగా కాలేజీకి వచ్చినది, పైగా సొంత చెల్లెలితో ఒకే క్లాసులో కూర్చున్నది అక్క కాక ఇంకేమవుతుంది? ఆ చేరడం కూడా దాని పుణ్యమే. కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములు తుడుచుకుంటున్న మనిషి దగ్గరికి వచ్చి, "నీ అప్లికేషన్ కూడా నేనే నింపేశాను, ఇక్కడ సంతకం పెట్టు" అంది. ఆ మేలుకు కృతజ్ఞత ఉండాలి. ఉంది. అరగని ముద్దలా ఇప్పటికీ అక్కడే ఉంది.

మోత మారింది. ఇప్పుడు ఒకటే బీప్, బీప్, ఎక్కడో లారీ వెనక్కి వస్తున్నట్టు. ముక్కు పక్కన దురద. దురద పుట్టినచోట గోక్కోలేకపోతే ఆ చోటు ఎంత పెద్దదవుతుందో! మెదడు పైపొర మీద ఒళ్ళంతటికీ ఒక పటం ఉంటుంది, అందులో పెదవులకూ వేళ్ళకూ పెద్ద జాగా, వీపుకు ఏదో దయతలచి ఇచ్చినంత. మేడమ్ ఆ పటం గీసిన రోజున అక్కకు తమ ఇల్లే గుర్తొచ్చింది. చెల్లెలు పెదవి, తను వీపు. బరువు మోసేది వీపే అయినా.

ఈ గంట చెల్లెలిది. పరీక్షలో మొదటి మార్కు వచ్చినవాళ్ళు సొంతంగా ఒక చిన్న ప్రయోగం తయారుచేసుకుని స్కానింగ్ గదిలో ఒక గంట నడిపించవచ్చు, అది ఈ కోర్సులో మేడమ్ పెట్టిన ఆనవాయితీ. మొదటి మార్కు చెల్లెలిది, రెండోది అక్కది. ప్రయోగానికి ఒక తల కావాలి, అక్క తల ఉండనే ఉంది. బొమ్మలు బాగా వస్తే వేసవిలో మేడమ్ ల్యాబులో ఫస్టియరు వాళ్ళకు ఇచ్చే ఒకే ఒక్క చోటు చెల్లెలిది. పాడైతే తర్వాతి మనిషి అక్క. ఈ మాట ఎవరూ పైకి అనలేదు, అనక్కర్లేదు. ఆ ల్యాబులో చూసేది మాట పడిపోయినవాళ్ళ మెదళ్ళను. ఆ ఒక్క గది కోసమే కదా అక్క ఈ వయసులో పిల్లల మధ్య కూర్చుని పాఠాలు వల్లెవేస్తున్నది. మరి బొమ్మ పాడవడానికి ఎంత కావాలి? బియ్యపు గింజంత కదలిక. ఏదో సర్దుకున్నట్టు, తనకే తెలియనట్టు, గడ్డం ఇటునుంచి అటు గింజంత జరిగితే చాలు, బొమ్మంతా తడిసిన కాగితం మీది సిరాలా అలుక్కుపోతుంది. తల కదలిక అవతల మానిటర్లో గీతగా పడుతుంది గాని, కావాలని కదిలిందో తెలియక కదిలిందో ఆ గీత చెప్పదు. ఛీ, ఏం బుద్ధి ఇది. ప్లస్ గుర్తు. కదల్లేదు. ఇంకా కదల్లేదు.

ఎక్స్‌ప్రెస్ బస్సు సంగతే తీసుకో. న్యూరాన్ తీగ మీద కొవ్వు తొడుగు ఉంటే కబురు ఎందుకంత వేగంగా పోతుందో చెల్లెలి బుర్రకు ఎక్కలేదు. బస్టాపులో నిలబెట్టి చెప్పింది తనే. "పల్లె బస్సు అడుగడుక్కీ ఆగుతుందా? ఎక్స్‌ప్రెస్సు నాలుగే నాలుగు చోట్ల ఆగుతుంది. తొడుగు ఉన్నచోట కబురు ఆగదే మొద్దూ, తొడుగు లేని సందుల్లోనే ఆగుతూ గెంతుకుంటూ పోతుంది." మర్నాడు క్లాసులో మేడమ్ అదే ప్రశ్న వేసింది. అక్క చెయ్యి ఎత్తుదామా వద్దా అని ఇంకా భుజం దగ్గరే ఉండగా చెల్లెలు లేచి ఎక్స్‌ప్రెస్ బస్సు అంది. మేడమ్ ముఖం వెలిగిపోయింది. అప్పట్నుంచీ క్లాసులో అది "పండు చెప్పిన బస్సు". ఆ రోజు చెల్లెలు కూర్చుంటూ ఇటు తిరిగి ఒక నవ్వు నవ్వింది. నీదే కదా అనా ఆ నవ్వు, నాదైపోయింది చూశావా అనా? ఎన్నిసార్లు ఆ నవ్వును తిప్పి తిప్పి చూసుకుందో. నిజానికి ఆ బస్సు ఇద్దరిదీ కాదు, నాన్నది. నాన్న బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పేవాడు. ఊళ్ళ పేర్లన్నీ దారి వరసలో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. ఇంటికొచ్చినా అదే గొంతు, "భోజనం ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది, ప్రయాణికులు త్వరగా రావాలి". మైకు ఆపకుండా పెళ్ళాం మాట ఎత్తకూడదమ్మా, బస్టాండంతా వింటుంది అనేవాడు నవ్వుతూ.

అలాంటి నోరు. ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. ప్రాణం దక్కింది, కుడి చెయ్యి పడిపోయింది, నోట్లోని ఊళ్ళన్నీ పోయాయి. ఆస్పత్రిలో కళ్ళు తెరిచి, మంచం పక్కనే ఉన్న అక్కను చూసి ఒక మాట అన్నాడు. "పండూ." నర్సు పాపం అరటిపండు ఒలిచి తెచ్చింది. నీళ్ళు కావాలన్నా పండూ, వద్దన్నా పండూ, దుప్పటి కప్పితే పండూ, కోపమొస్తే పండూ. మిగిలింది ఆ ఒక్కటే. అమ్మ బట్టలు కుట్టే కంపెనీలో పనికి కుదిరింది, చెల్లెలు బడికి పోయింది, అక్క పగలు నాన్న దగ్గర, సాయంత్రం కళ్ళద్దాల దుకాణంలో. అన్నం కలిపి పెట్టింది తను, గడ్డం గీసింది తను, పక్క మార్చింది తను. ప్రతి ముద్దకీ, ప్రతి తడిగుడ్డకీ నాన్న నోటి వెంట వచ్చింది చెల్లెలి పేరు. ఏడేళ్ళుగా. మనిషన్నవాడికి ఎంత ఓర్పు ఉన్నా, చేసేది ఒకరూ పిలుపు ఇంకొకరిదీ అయితే ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు? పోయినవాటిలో తన పేరూ ఉంది, అక్క అనే పిలుపూ ఉంది. వెయ్యి ఊళ్ళతో పాటు అదీ కొట్టుకుపోయింది. ఆ ఒక్క పేరే మిగిలిందంటే, అది అన్నిటికన్నా లోతుగా ఉన్నట్టే కదా? అది తెలుసుకోవాలనే ఈ చదువు. సిగ్గుచేటు గాని, అందుకే.

మాట పడిపోవడం గురించి పాఠం జరిగిన రోజున క్లాసయ్యాక మేడమ్ వెనకే వరండాలోకి నడిచింది. తెలిసినవాళ్ళింట్లో ఒకాయన అని మొదలుపెట్టింది. "ఒక్క పేరే మిగిలితే మేడమ్, ఆ పేరున్న మనిషంటేనే ఎక్కువ ఇష్టమనా?" మేడమ్ తాళాలు వెతుక్కుంటూ, "అలా ఏం లేదమ్మా. నోటికి దొరికింది అదే, దాంతోనే అన్నీ చెప్పుకుంటాడు. మాట పట్టుకుని కూర్చోకు. ఎప్పుడంటున్నాడు, ఎవర్ని చూసి అంటున్నాడు, అది చూడాలి" అంది. ఆ పూటంతా అక్క గాలిలో తేలింది. ఇంటికెళ్ళి చెప్పులు విప్పేలోగా లోపలి గదిలోంచి పండూ అని వినపడింది, గాలంతా దిగిపోయింది. పాఠం తలకు అర్థమవుతుంది, కడుపుకు అర్థం కాదు. ఒకసారి ఉండబట్టలేక చెల్లెలి మీద అరిచేసింది కూడా, "నిన్నే కదా పిలుస్తున్నాడు, నువ్వే వెళ్ళు!" చెల్లెలు వెళ్ళింది, ముద్ద నోటిదాకా తీసుకెళ్ళింది, నాన్న నోరు తెరవలేదు. అది తిరిగొచ్చి గిన్నె బల్ల మీద పెట్టి, "పిలిచేది నన్ను, చూసేది నిన్ను" అంది. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు చెప్పే ఊరడింపు మాటలు అలాగే ఉంటాయి అనుకుంది అక్క. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.

"అక్కా, మొదటి భాగం అయిపోయింది. చాలా బాగా వచ్చింది. ఇప్పుడు మధ్యమధ్య మోత ఆగినప్పుడు ఒక్కో గొంతు వినపడుతుంది. తెలిసిన గొంతైతే బటన్ నొక్కు. తెలియనిదైతే ఊరుకో." చెవిలో చెల్లెలి గొంతు కొత్తగా ఉంది, ఉద్యోగస్తురాలి గొంతులా. బాగా వచ్చిందట. ఎందుకు రాదు, తల ఎవరిదనుకున్నావు. మోత. ఆగింది. ఎవరో మగమనిషి, "ఏమండీ." తెలియదు. మోత. ఎవరో పిల్ల, "ఇటు రండి." తెలియదు. మోత. "గ్యాసు కట్టేశావా?" అమ్మ! నవ్వు వచ్చింది, పెదవి బిగబట్టి బటన్ నొక్కింది. మోత. పోస్టాఫీసులో వినపడేలాంటి ఒక నీరసపు గొంతు. తెలియదు. మోత. ఆగింది.

"పండూ."

నాన్న. చెవి లోపల, ఎముకకు ఆనుకుని నాన్న. ఇక్కడికి కూడానా? ఇంట్లో ఏడేళ్ళు విన్నది చాలక, తల పంజరంలో బిగించి, కదలకని చెప్పి, అవతల కుర్చీలో కూర్చుని తన పేరు తనే వినిపించుకుంటోందా ఇది? తల ఎడమకు విసురుగా పోయింది. మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగిరినట్టు, అది దానంతటదే జరిగింది. కానీ రెండోసారి తిరిగింది దానంతటది కాదు. ఎటూ పాడైంది కదా, ఇంకాస్త పాడు కానీ అని అక్కే తిప్పింది. ఇటు, మళ్ళీ అటు. స్పాంజి దిమ్మ చెవికి రాసుకుని హెడ్‌ఫోన్ పక్కకు జరిగింది, ఆ తర్వాత అందులో ఏం వినపడిందో ఆమెకు పట్టలేదు. ఎంత హాయిగా ఉందో తల తిప్పడం. ఒక్క గడియ.

మోత ఉన్నపళంగా ఆగిపోయింది. యంత్రం గుయ్యిమంటోంది. చల్లగా ఉంది. ఎవరి మోచేయో మైకు బటన్ మీద ఉండిపోయినట్టుంది, అవతలి గది మాటలన్నీ వచ్చి పడుతున్నాయి. నాన్నకు మాట ఉంటే చెప్పేవాడు, మైకు ఆపమని.

"ఇదంతా పోయిందండీ" అంటున్నాడు యంత్రం నడిపే ఆయన. "గీత చూడండి, ఎలా ఎగిరిందో."

"అప్పటిదాకా బొమ్మలా పడుకుంది కదా?" అది మేడమ్.

తర్వాత చెల్లెలు, "నాదే తప్పు మేడమ్. దిమ్మలు వదులుగా పెట్టాను, నొప్పి పుడుతుందేమోనని."

"అది కూడా చూసుకోకపోతే ఎలా? పైగా ఆ గొంతు దగ్గరే పోయింది. మిగతావన్నీ ఒక్క పిలుపే, ఇది ఒక్కటే పొడుగు. చివరి ముక్క కత్తిరించమన్నాను కదా?"

"ఆ ముక్క కోసమే పెట్టాను మేడమ్."

అక్క ముక్క సంగతి వినిపించుకోలేదు. దిమ్మలు వదులట! చెంపలు ఇంకా చుర్రుమంటున్నాయి. గీత చూడగానే దానికి తెలిసిపోయి ఉంటుంది. పదేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నది, కోపమొస్తే అక్క తల మొదట ఎడమకే విసురుతుందని దానికి తెలియక ఎవరికి తెలుస్తుంది? తెలిసే తన నెత్తిన వేసుకుంది. మేడమ్ చేత మాట పడింది. మార్కు దానిది, బస్సు దానిది, నాన్న నోట్లో మిగిలింది దానిది. ఇప్పుడు మంచితనం కూడా దానిదేనా? అందులో కూడా తను రెండో మార్కేనా? ఈ ఒక్కటీ వదిలేది లేదు. అక్క పళ్ళు బిగించి రబ్బరు బుడ్డి నొక్కింది. అవతల గంట గణగణలాడింది, కుర్చీలు కదిలాయి, "ఏమైందక్కా? ఊపిరాడట్లేదా?"

"దిమ్మలు గట్టిగానే ఉన్నాయి" అంది అక్క, పంజరం లోపల్నుంచి, అందరికీ వినపడేలా. "నేనే కదిలాను. మొదటిసారి నాకు తెలియకుండా. తర్వాత కావాలనే."

అవతల ఎవరో కలం బల్ల మీద పెట్టారు. ల్యాబులో చోటు ఎగిరిపోయిన చప్పుడు ఏదైనా ఉంటే ఇలాగే ఉంటుంది. చివరికి మేడమ్ యంత్రం నడిపే ఆయన్ను ఇంకా సమయం ఉందా అని అడిగింది. గొంతుల భాగం ఇంకోసారి తీయొచ్చు అన్నాడు. చెల్లెలు లోపలికి వచ్చింది. వంగి హెడ్‌ఫోన్ సరిచేసింది, దిమ్మలు నొక్కింది, అవసరమైన దానికన్నా కాస్త గట్టిగానే.

"తెలుసు" అంది మెల్లగా. "తిట్టుకోవాలంటే తర్వాత తిట్టుకుందాం. ఈసారి చివరిదాకా విను."

"ఏం వినాలే? నీ పేరేగా."

"చివరిదాకా అన్నాను" అని వెళ్ళిపోయింది.

ప్లస్ గుర్తు. మోత. ఏమండీ. మోత. ఇటు రండి. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, ఒప్పుకున్నంత మాత్రాన మంట చల్లారుతుందని ఎవరన్నారు? గ్యాసు కట్టేశావా. నొక్కింది. మోత. నీరసపు గొంతు. మోత. ఆగింది. అక్క దవడ బిగించింది, రానీ, ఈసారి రానీ.

"పండూ."

కదల్లేదు. గొంతు వెనక ఏదో చప్పుడు ఉంది. తలుపు రెక్క కిర్రుమంది. గిన్నెలో చెంచా తగిలింది. అప్పుడు ఎవరో ఆడమనిషి, అలసిపోయిన గొంతు, కాస్త చిరాకూ బోలెడు అలవాటూ కలిసిన గొంతు, "వస్తున్నా నాన్నా, వస్తున్నా" అంది. ఎవరిదిది? తెలిసిందా తెలియనిదా? బొటనవేలు బటన్ మీద ఆగిపోయింది. అడుగులు దగ్గరకొచ్చాయి. నాన్న మళ్ళీ "పండూ" అన్నాడు, ఈసారి నెమ్మదిగా, బస్సు వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగాక ఇంక కేకలెందుకన్నట్టు.

అది తన గొంతే. తలుపు దగ్గర నిలబడి చెల్లెలు రికార్డు చేసింది, అందుకే దాని గొంతు అందులో ఎక్కడా లేదు. పిలిచినప్పుడు వచ్చిన మనిషి ఒక్కతే ఉంది. ఏడేళ్ళుగా ఆ పిలుపుకు వస్తున్నా అని జవాబిచ్చింది తనే, జవాబిస్తున్నట్టు తనకే తెలియకుండా. అక్క బటన్ నొక్కింది. తెలిసిన గొంతు. ఇంకోసారి నొక్కింది, అవసరం లేకపోయినా. ల్యాబు చోటు మాట అలాగే ఉంది, మొదటి మార్కూ అలాగే ఉంది, చెల్లెలి మీద కడుపులోదీ అంతా అలాగే ఉంది, కానీ కళ్ళ చివరల నుంచి వెచ్చగా ఏదో జారి, చెంపల మీదుగా చెవుల వైపు పోయి, స్పాంజి దిమ్మల అంచున ఆగి, చెప్పలేనంత దురద పెడుతోంది.

"అక్కా" అంది చెవిలో చెల్లెలు. ఆ గొంతు ఉద్యోగస్తురాలిది కాదు, ముక్కు ఎగబీల్చినట్టుంది. "ఏడవకు. తల ఊగుతోంది."

అక్క ప్లస్ గుర్తును చూస్తూ, గొంతులోది మెల్లగా మింగింది.